అరవై నోళ్లూ అలైడా కన్నూ

ఈ కథ అలైడా వెన్సింక్ తన మీద తానే చెప్పుకుంటుంది. పుట్టినరోజు విందుల్లో చెబుతుంది. రైలు ఆలస్యమైతే పక్కన కూర్చున్న మనిషికి చెబుతుంది. ఎవరైనా తనను కొంచెం ఎక్కువ పొగిడారనిపిస్తే వెంటనే అందుకుంటుంది. ఎన్నిసార్లు చెప్పినా తనకు కలిసొచ్చేట్టు ఒక్క ముక్క మార్చదు. కాబట్టి ఆమె తనను తాను వెక్కిరించుకున్న చోట మనమూ మొహమాటపడనక్కర్లేదు.

అలైడా పని పళ్ల మీద పాచిని కొలవడం. డెవెంటర్ ఊళ్లో, ఐసెల్ నది వైపు దిగే వీధిలో, సైకిళ్ల దుకాణం పై అంతస్తులో పళ్ల బ్రష్‌లను పరీక్షించే కేంద్రం ఒకటుంది. బ్రష్‌లు తయారు చేసేవాళ్లు తమ కొత్త సరుకు పాచిని నిజంగా వదిలిస్తోందా, పోటీవాడి సరుకు కన్నా ఎంత ఎక్కువ వదిలిస్తోంది అని తేల్చుకోవడానికి అక్కడికి వస్తారు. తేల్చేది ఇరవై రెండేళ్లుగా అలైడానే. దానికి పెద్ద యంత్రాలేమీ లేవు. పాచి ఉన్నచోటల్లా పట్టుకునే ఎర్రరంగు, ఒక చిన్న అద్దం, నుదుటి మీద దీపం, అలైడా కన్ను, అంతే. పంటి మీద ఎరుపు లేకపోతే సున్నా. చిగురు అంచున చుక్కలుంటే ఒకటి. సన్నటి గీత ఉంటే రెండు. అది పంటిలో మూడో వంతు దాకా పాకితే మూడు. ఆ పైన నాలుగు, ఐదు. ఐదు వేయించుకున్న మనిషికి బ్రష్ చాలదు, నాలుగు చీవాట్లు కూడా కావాలని ఆమె అభిప్రాయం.

తల్లి నోట్లో అలైడా ఒక్క సొంత పన్ను కూడా చూడలేదు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో పెళ్లికి ముందే ఆడపిల్లకు పళ్లన్నీ పీకించి కట్టుడు పళ్లు పెట్టించడం పుట్టింటివాళ్లు చేసే మంచి పనుల్లో ఒకటి. రేపు అల్లుడికి పంటి వైద్యుడి బెడద ఉండదని వాళ్ల ఆలోచన. తల్లి ఇరవై ఒకటో ఏట ఒక్క మధ్యాహ్నంలో నోరంతా ఖాళీ చేయించుకుని, పెళ్లి ఫొటోలో కొత్త పళ్లతో నవ్వింది. ఆ పళ్లు రోజూ పడుకునే ముందు గ్లాసులోకి వెళ్లేవి. పెద్దవాళ్లందరికీ పళ్లు అలాగే ఊడి వస్తాయనుకుని, నాలుగేళ్ల అలైడా తనవి ఎంత లాగినా రాలేదని ఏడ్చిందట. ఆ ఏడుపే తనను పళ్ల శుభ్రత చదువులోకి పంపించిందని ఆమె అంటుంది. టైపు క్లాసులో సీటు దొరక్క అందులో చేరానని కూడా ఆమే అంటుంది.

ఎలా చేరినా పని మాత్రం బాగా పట్టుబడింది. ప్రతి పరీక్షకూ ముందు అలైడా కన్నుకే ఒక పరీక్ష ఉంటుంది. పదిమంది నోళ్లు చూసి అంకెలు చెప్పాలి. గంట తర్వాత అవే నోళ్లు మళ్లీ చూసి మళ్లీ చెప్పాలి. మొదటిసారి రెండన్న చోట రెండోసారి మూడనడం తరచుగా జరిగితే మనిషి పనికిరాదు. అలైడా ఇరవై రెండేళ్లలో ఏనాడూ ఆ పరీక్ష తప్పలేదు. కేంద్రాన్ని నడిపే మార్లేన్ సీట్స్మా ఒకప్పుడు అలైడా దగ్గరే అద్దం పట్టుకోవడం నేర్చుకుంది. ఆ అలవాటు కొద్దీ ఇప్పటికీ ఆమెను మీరనే పిలుస్తుంది. బయటివాళ్లు వస్తే ఆమెను చూపించి, మా దగ్గరున్న అసలు పనిముట్టు ఇదే అని పరిచయం చేసేది. అలైడా పైకి చెయ్యి విదిలించేది కానీ ఆ పూటంతా నేల మీద నడిచేది కాదు.

కథ జరిగిన ఏడాది ఆమెకు అరవై నాలుగు. ఇదొక్క పరీక్ష ముగిస్తే విశ్రాంతి. ఈసారి పోటీ రెండు కరెంటు బ్రష్‌ల మధ్య. ఒకదాని తల గుండ్రంగా ఉండి గిరగిరా అటూ ఇటూ తిరుగుతుంది. రెండోదాని తల పొడుగ్గా ఉండి సన్నగా వణుకుతుంది. అలైడా వాటికి తిరుగుడుది, వణుకుడుది అని పేర్లు పెట్టుకుంది. అరవై మంది ఊరివాళ్లు ఒప్పుకుని వచ్చారు. వాళ్లు రెండు రోజులు బ్రష్ ముట్టుకోకుండా, ఆ పాచి నోళ్లతోనే వచ్చి కూర్చుంటారు. అలైడా రంగు పూసి కొలుస్తుంది. తర్వాత వాళ్లు పక్కగదిలో ఉన్న వౌటర్ దగ్గరికి వెళతారు. అతను ఆ మనిషి పేర ఉన్న కవరు చింపి, నోట్లో ఎడమ సగానికి ఏ బ్రష్, కుడి సగానికి ఏ బ్రష్ అని చూసి, ఒక్కో సగం ఒక్కో నిమిషం తోమిస్తాడు. మళ్లీ అలైడా దగ్గరికి పంపిస్తాడు. మళ్లీ రంగు, మళ్లీ అంకెలు.

ఇందులో ప్రాణమంతా ఒక్కచోట ఉంది. ఏ సగం ఏ బ్రష్‌తో తోమారో అలైడాకు తెలియకూడదు. తెలిస్తే మనసులోని ఇష్టం వేలికొసకు దిగుతుంది, రెండు కాస్తా ఒకటవుతుంది. అందుకే వౌటర్ గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. బ్రష్‌ల రొదలు వేరువేరు గనక, అవి వినబడకుండా అలైడా గదిలో రేడియో గట్టిగా మోగుతుంది. తోమి తిరిగి వచ్చినవాళ్లు నోరు తెరవడానికే తప్ప మాట్లాడడానికి వీల్లేదు. అంతా అయ్యాక అలైడా ఒక పత్రం మీద సంతకం పెట్టాలి. కొలిచేటప్పుడు ఏ వైపు ఏ బ్రష్ వాడారో నాకు తెలియదు అని అందులో ఒక్కటే వాక్యం. ఆ సంతకం లేకపోతే అరవై మంది రెండు రోజుల పాచీ వృథా.

పాచి అంటే తేలికగా తీసేయకండి. ఆ అరవై మందిలో చర్చిలో పాటలు నేర్పే పెద్దాయన ఒకాయన, ఆ రెండు రోజులూ పిల్లలకు వీపు తిప్పి పాడించాడు. ఒక టపా ఉద్యోగి అయితే తోమకముందు కుర్చీలో కూర్చుంటూనే గర్వంగా నోరు తెరిచి, మీ కోసమే పెంచాను మేడమ్ అన్నాడు. అలైడా అతనికి చాలాచోట్ల నాలుగులు వేసింది, వేస్తూ మనస్ఫూర్తిగా మెచ్చుకుంది.

ఇక ఆమె రహస్యం. మొదటి ఏడాదిలోనే ఆమెకు ఒక అలవాటైంది. తోమి వచ్చిన నోరు చూడగానే, ఇది ఫలానా బ్రష్ పనే అని మనసులో ఒక మాట పడేది. తిరిగే బ్రష్ చిగురు అంచున నెలవంకలాగా శుభ్రం చేసి వదులుతుందని, వణికే బ్రష్ పంటికీ పంటికీ మధ్య సందులో సన్నటి దారి చేస్తుందని ఆమె కనిపెట్టింది. ఎవరూ నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. ఊహ వదిలేస్తే ఊహగానే పోయేది. ఈవిడ ఊరుకోలేదు. పచ్చ అట్టల చిన్న పుస్తకం ఒకటి తెల్లకోటు జేబులో పెట్టుకుని, మనిషి బయటికి వెళ్లగానే నంబరు వేసి, ఎడమ తిరుగుడు, కుడి వణుకుడు అని రాసుకునేది. మరీ నమ్మకంగా ఉన్నచోట కింద రెండు గీతలు కొట్టేది. సరిచూసుకోవాలని మాత్రం ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు. వంట బాగా వచ్చినావిడ ఉప్పు సరిపోయిందా అని పక్కింటికెళ్లి అడుగుతుందా, ఇదీ అంతే అనుకుంది.

అరవయ్యో మనిషి ఒక శుక్రవారం వచ్చి వెళ్లాడు. సోమవారం సంతకం. మధ్యలో శనివారం ఆమె భర్త డెర్క్ పుట్టినరోజు. డెర్క్ రైల్లో గార్డుగా చేసి దిగిపోయాడు. తక్కువ మాట్లాడతాడు, ఆ తక్కువలోనే ఎక్కువ కుట్టేస్తాడు. కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. వచ్చిన ప్రతివాళ్లూ, అక్కడి ఆనవాయితీ ప్రకారం, డెర్క్‌కే కాక, నీ భర్త పుట్టినరోజు శుభాకాంక్షలని అలైడాకు, నీ తమ్ముడి పుట్టినరోజు శుభాకాంక్షలని డెర్క్ అక్కకు, వరసగా అందరికీ చెయ్యి కలుపుతూ తిరిగారు. కాఫీ, ఒక్కో ముక్క ఆపిల్ కేకు అయ్యాయి. ఎవరో అలైడాను, విశ్రాంతి తీసుకుంటున్నావట కదా అని అడిగారు. ఇంకెవరో ఆ పని ఇక కెమెరాలు చేస్తాయట కదా అన్నారు.

కెమెరా మాట ఆమెకు ఎక్కడో తగిలింది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కెమెరాకు ఎరుపు కనబడుతుందేమో గానీ, ఆ ఎరుపు వెనకాల ఏ బ్రష్ ఉందో తనకు తప్ప ఎవరికీ కనబడదని ఆమె చెప్పుకుపోయింది. నెలవంకల గురించి చెప్పింది, సందుల్లో దారుల గురించి చెప్పింది. ఇన్నేళ్లలో తన కన్ను దాటిపోయిన బ్రష్ లేదంది. కేకు ముక్కలు చేతుల్లోనే ఆగిపోయి అందరూ వింటున్నారు. అలైడా అలా డబ్బా కొట్టుకోవడం వాళ్లెవరూ ఎప్పుడూ చూడలేదు.

డెర్క్ అక్క మొగుడు ఎగ్బర్ట్, నోటరీ దగ్గర ముప్పై ఐదేళ్లు గుమాస్తాగా పనిచేసిన మనిషి, కప్పు కింద పెట్టాడు. అతనిలో వెటకారం లేదు. దస్తావేజుల మధ్య బతికిన మనిషికి సంతకాల మాటే ముందు వినిపిస్తుంది.

"నీకు తెలియదని ఏదో కాగితం మీద సంతకం పెడతావని పోయినేడు చెప్పావు కదా?"

"పెడతాను. ఏ వైపు ఏ బ్రష్షో తెలియదని."

"మరి ఇప్పుడు తెలుసంటున్నావు."

అలైడా తన కప్పు పక్కకు జరిపింది. చూసి తెలుసుకోవడం వేరు, ఎవరో చెబితే తెలియడం వేరు అని ఏదో అంది. ఎగ్బర్ట్ మర్యాదగా తలూపాడు. అయితే కాగితంలో అలా రాసి ఉందా అని అడిగాడు. లేదు. తెలియదు అని మాత్రమే ఉంది. అతను మళ్లీ కేకు అందుకుని తిన్నాడు. ఆ తినడమే ఆమెకు తీర్పులాగా అనిపించింది.

ఆదివారమంతా ఆమె ఇల్లు తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. సంతకం పెట్టకపోతే అరవై మంది కష్టం, రెండేళ్లుగా ఈ పరీక్ష కోసం తిరిగిన మార్లేన్ కష్టం గంగలో కలుస్తాయి. అంతటితో ఆగదు. ఇన్నేళ్లలో తాను కొలిచిన పరీక్షలన్నింటి మీదా దుమారం లేస్తుంది. పెడితే అబద్ధం. పైగా ఇంకొక గుబులు కూడా ఉంది. ఇంట్లో ఆమె వాడేది తిరిగే బ్రష్షే. అది ఇంటిమనిషి లాంటిది. దాన్ని ఎక్కడ వెనకేసుకొస్తానోనని, ఇది తిరుగుడుది అని తోచిన చోటల్లా రెండా మూడా అన్న సందేహం వస్తే మూడే వేసింది. అప్పుడు అది న్యాయమనిపించింది. ఇప్పుడు చూస్తే, న్యాయం పేరుతో తూకం రాయి మార్చడంలాగా ఉంది.

డెర్క్ సోఫాలోంచి కాళ్లు పైకెత్తి ఆమె చీపురుకు దారి ఇచ్చాడు. ఇది నాలుగోసారి.

"చెప్తే ఏమవుతుంది?" అన్నాడు.

ఏమేమవుతుందో ఆమె ఏకరువు పెట్టింది. అతను పూర్తిగా విన్నాడు.

"చెప్పకపోతే?"

"ఏమీ కాదు. కేంద్రంలో ఎవరికీ తెలియదు."

"మరి పొద్దున్నుంచి ఎవరికీ తెలియని దాన్నే కదా తుడుస్తున్నావు" అని అతను కాళ్లు దించాడు.

సోమవారం పొద్దున అలైడా పచ్చ పుస్తకం పట్టుకుని మార్లేన్ గదిలోకి వెళ్లి తలుపు వేసింది. మార్లేన్ పత్రం సిద్ధంగా ఉంచింది, పక్కన కలం కూడా. అలైడా కూర్చోకుండానే మొత్తం చెప్పేసింది. తనకు ప్రతిసారీ తెలుస్తుందని, తెలిసినదల్లా ఈ పుస్తకంలో రాసుకుంటూ వస్తున్నానని, ఈసారి తిరిగే బ్రష్‌కు అన్యాయం కూడా చేశానేమోనని చెప్పింది. మార్లేన్ మొహంలో రంగు మారింది.

"ఎప్పటి నుంచి ఇలా?"

"మొదటి పరీక్ష నుంచి."

మార్లేన్ కలం తీసి పక్కన పెట్టింది. అరవకపోవడమే అలైడాకు ఎక్కువ బాధ కలిగించింది. తర్వాత మార్లేన్ పుస్తకం తీసుకుని పేజీలు తిప్పింది. అరవై నంబర్లు, అరవై ఊహలు, వాటిలో పదకొండింటి కింద రెండేసి గీతలు. ఒక దారి ఉందంది. ముందు అంకెలన్నీ ఎవరూ మార్చడానికి వీల్లేకుండా భద్రం చేస్తారు. పరీక్షల మంచిచెడ్డలు చూసే కమిటీ అనుమతి తీసుకుంటారు. ఆ తర్వాత వౌటర్ దగ్గరున్న అసలు జాబితా తెరిచి, పుస్తకంతో పోల్చి చూస్తారు. ఊహలు నిజమైతే పరీక్ష పోయినట్టే, పాతవి కూడా ఒక్కొక్కటే తవ్వాల్సి వస్తుంది. గురువారం దాకా ఆగమంది. ఆ గురువారం అంటే ఉన్న భయంతోనే, సంతకం లేని పత్రాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది.

ఈ మూడు రోజుల గురించి చెప్పేటప్పుడు అలైడా తనను అసలు వదిలిపెట్టదు. బయటికి ఆమె తప్పు చేసిన మనిషిలాగా తిరిగింది. డెర్క్ పెట్టిన సూపు సగమే తాగింది. సైకిల్ మీద వెళుతూ, ఆ టపా ఉద్యోగి ఎదురైతే తలదించుకుంది. మార్లేన్‌కు అన్యాయం చేశానన్న బాధ నిజమే, అది కడుపులో రాయిలాగే ఉంది. అయితే ఆ రాయి పక్కనే ఇంకొకటి కూడా మెల్లగా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ఆమె దాన్ని బుధవారం గానీ గుర్తుపట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి, కేంద్రంలో అందరి ముందూ చెప్పాల్సిన క్షమాపణ కాగితం మీద రాసుకుని సాధన చేస్తోంది. నా కన్ను ఇంత సూక్ష్మమైనది కావడం నా దురదృష్టం, అని మొదలుపెట్టింది. చూడకూడనిది చూసే శక్తి కొందరికి శాపమవుతుంది, అని అందుకుంది. రెండోసారి చెప్పినప్పుడు గొంతులో మంచి వణుకు పలికింది. మూడోసారి చెయ్యి కూడా గుండె మీద పెట్టుకుంది. తలుపు బయట డెర్క్ దగ్గాడు.

"క్షమాపణ ఎవరిది? నీదా, వాళ్లు నీకు చెప్పాల్సిందా?"

అలైడా అద్దంలోకి చూసింది. నోరు ఇంకా అదే వాక్యం ఆకారంలో తెరిచి ఉంది. తప్పు ఒప్పుకోవడానికి వెళ్లాననుకుంది గానీ, శనివారం కుర్చీల మధ్య కొట్టుకున్న డబ్బానే సోమవారం మార్లేన్ గదిలో ఏడుపు గొంతుతో ఇంకోసారి కొట్టి వచ్చింది. నేరస్థురాలు కావడానికి ఆమెకు అభ్యంతరం లేదు, గొప్ప నేరస్థురాలైతే చాలు. ఆమెకు సిగ్గేసింది. క్షమాపణ కాగితం చింపి చెత్తబుట్టలో పడేసింది. అందులో ఒక వాక్యం బాగుందని మాత్రం అనుకుంది.

గురువారం ముగ్గురూ మార్లేన్ గదిలో కూర్చున్నారు. వౌటర్ అసలు జాబితా తెరిచాడు. అతనిది ముప్పై దాటిన వయసు, ఎప్పుడూ ఒకే గొంతుతో మాట్లాడతాడు. స్టేషన్‌లో రైళ్ల రాకపోకలు చదివే పని ఇస్తే హాయిగా చేసుకుపోయే మనిషి. మార్లేన్ పచ్చ పుస్తకం ముందు పెట్టుకుని పెన్సిల్ తీసింది.

"ఒకటో నంబరు. ఎడమ తిరిగేది" అన్నాడు వౌటర్.

పుస్తకంలో ఎడమ తిరుగుడు అనే ఉంది. మార్లేన్ టిక్కు పెట్టింది. రెండోది సరిపోయింది. మూడోది సరిపోయింది. నాలుగోది కూడా సరిపోయింది. మార్లేన్ పెదవులు పాలిపోయాయి. అలైడా తల వంచుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని, ఈ గదిలో అందరికన్నా ఎక్కువ బాధపడుతున్న మనిషిలాగా కనబడడానికి కృషి చేసింది. లోపల మాత్రం, చూశారా అని ఒక గొంతు అంటూనే ఉంది. ఆ గొంతు నొక్కేయాలని నిజంగానే ప్రయత్నించానని ఆమె చెబుతుంది. నొక్కలేకపోయానని కూడా చెబుతుంది.

ఐదోది తప్పింది. ఆరోది తప్పింది. అలైడా తల ఎత్తింది. ఏడోది సరిపోయింది, తల మళ్లీ దించుకుంది. ఎనిమిదీ తొమ్మిదీ పదీ తప్పాయి. వౌటర్ గొంతు మారలేదు. టపా ఉద్యోగి నంబరు వచ్చింది. పుస్తకంలో ఎడమ తిరుగుడు అని ఉంది, కింద రెండు గీతలున్నాయి. అంత పెద్ద నెలవంకలు తాను జన్మలో చూడలేదని అలైడాకు ఇప్పటికీ గుర్తు.

"ఎడమ వణికేది" అన్నాడు వౌటర్.

"కాదు" అంది అలైడా.

వౌటర్ జాబితా చూశాడు, కవరు మీద తాను రాసుకున్నది కూడా చూశాడు. అవునన్నాడు. ఆ కవరు చింపింది తానేనని, బ్రష్ చేతికిచ్చింది కూడా తానేనని, తను ఆ గదిలోనే ఉన్నానని వివరంగా చెప్పాడు.

అరవై పూర్తయ్యేసరికి మార్లేన్ టిక్కులు రెండుసార్లు లెక్కపెట్టింది. ఆ తర్వాత పెన్సిల్ బల్ల మీద పెట్టి మొహం రెండు చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని అలైడా లేచి దగ్గరికెళ్లి వీపు మీద చెయ్యి వేసింది. మార్లేన్ చేతులు తీస్తే తెలిసింది, ఆమె నవ్వుతోంది. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి, అవి నవ్వువే కాదు, మూడు రోజుల భయానివి కూడా.

"ఇరవై తొమ్మిది" అంది.

"అరవైకా?"

"అరవైకి. నాణెం ఎగరేసి రాసుకున్నా ముప్పై వచ్చేవి."

గీతలు కొట్టిన పదకొండింటిలో ఎన్ని సరిపోయాయని అలైడా అడిగింది. అడగకుండా ఉండాల్సింది. నాలుగు. అంటే తనకు ఎంత గట్టి నమ్మకం కలిగితే అంత తప్పన్నమాట. ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. పరీక్ష నిలబడింది. అరవై మంది కష్టం నిలబడింది, మార్లేన్ రెండేళ్లు నిలబడ్డాయి, పాతవాటిని తవ్వాల్సిన పని తప్పింది. ఇవన్నీ ఆమెకు అర్థమయ్యాయి, వాటికి సంతోషం కూడా కలిగింది. అయినా చంటిపిల్లలా ఏడుపొచ్చింది. నెలవంకలు లేవు. సందుల్లో దారులు లేవు. ఇరవై రెండేళ్లుగా తనకు మాత్రమే కనబడుతున్నవి తనకు మాత్రమే ఎందుకు కనబడ్డాయో ఇప్పుడు తెలిసింది.

మార్లేన్ ఆమె పక్కకు కుర్చీ లాక్కుంది. ఈ పరీక్షకు ముందు అలైడా గంట తేడాతో రెండేసి సార్లు చూసిన పది నోళ్ల అంకెలు వందకు తొంభై ఆరు కలిశాయని చెప్పింది. అంత బాగా కలవడం తాను ఇంకెవరి దగ్గరా చూడలేదంది. తిరిగే బ్రష్‌కు అన్యాయం జరిగిందన్న భయం కూడా అక్కర్లేదు. తిరిగేది అనుకుని మూడు వేసిన చోట్లలో సగం వణికే బ్రష్‌వే కాబట్టి, అన్యాయం రెంటికీ సమానంగా జరిగింది.

"మీ కన్ను ఉన్నదాన్ని ఉన్నట్టే చూసింది" అంది మార్లేన్. "బ్రష్ సంగతి మాత్రం మీకు ఒక్క ముక్క తెలియదు. ఇంతకన్నా మంచి వార్త నాకు ఈ ఏడాది ఇంకొకటి లేదు."

ఇన్నేళ్లలో మార్లేన్ తనను పొగిడిన పొగడ్తలన్నింటిలోకీ ఇదే పెద్దదని అలైడాకు తెలుసు. వేసుకోవడానికి మాత్రం చెప్పులో రాయిలాగా ఉంది. ముక్కు తుడుచుకుని, పత్రం ఇమ్మంది.

కొలిచేటప్పుడు ఏ వైపు ఏ బ్రష్ వాడారో నాకు తెలియదు. ఆ వాక్యాన్ని ఆమె మొదటిసారి పూర్తిగా చదివింది. ఇన్నేళ్లూ ఈ మాట దగ్గర లోలోపల నవ్వుకుంటూ, మిమ్మల్ని ఎలా మోసం చేశానో చూడండి అన్న ధీమాతో సంతకం గీకేసేది. ఒక్కసారి కూడా మోసం చేయలేకపోయింది. ప్రతిసారీ ఆ వాక్యం అక్షరాలా నిజమే, నిజమని తెలియనిది ఆమె ఒక్కతికే.

ఆమె కలం తీసేలోగా వౌటర్ పక్కనున్న కంప్యూటర్‌లో అంకెలన్నీ కలిపి, రెండు బ్రష్‌లలో ఏది ఎక్కువ పాచి తీసిందో అదే చదునైన గొంతుతో చెప్పాడు. తేడా వెంట్రుకవాసి. ఒకటి గెలిచింది, ఇంకోటి ఓడింది.

నాకు ముందే తెలుసు, అన్న మాట అలైడా నాలుక చివరిదాకా వచ్చేసింది. ఆమె పెదాలు గట్టిగా బిగించి, ఆ మాటను లోపలే మింగి, సంతకం పెట్టింది.